అప్‌డేట్ తర్వాత టీవీ మొరాయిస్తే, కొత్తది కొనే ముందు

మీరు రాసిన సంగతులను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. మల్కాజిగిరిలో అపార్ట్‌మెంటు. నాలుగేళ్ల కిందట కొన్న 55 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ, దాని కింద అంతకంటే పాత సౌండ్‌బార్, పక్కన కేబుల్ వాళ్ల సెట్‌టాప్ బాక్సు. ఈమధ్య ఒక రాత్రి టీవీ తనంతట తానే అప్‌డేట్ అయింది. అప్పటి నుంచి సినిమాల యాప్‌లలో సౌండ్‌బార్ మూగబోతోంది, యూట్యూబ్‌లో మాత్రం పలుకుతోంది. రిమోట్ నొక్కాక తెర కదలడానికి చాలాసేపు పడుతోంది. రాత్రి తొమ్మిది దాటితే బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతోంది. హోమ్ స్క్రీన్ రూపం మొత్తం మారిపోవడంతో మీ నాన్నగారు వార్తలు పెట్టుకోలేక టీవీ చూడడమే మానేశారు. ఇంటికొచ్చిన మెకానిక్ మెయిన్ బోర్డు పోయిందని, దానికి డబ్బు పెట్టేకంటే కొత్త టీవీ కొనుక్కోవడం మేలని, జీఎస్టీ కూడా తగ్గిందని చెప్పి వెళ్లాడు.

కొనకండి. బోర్డూ మార్పించకండి. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందుల్లో బోర్డు పోయిన లక్షణం ఒక్కటీ లేదు. బోర్డు పాడైతే టీవీ అసలు వెలగదు, లేదా కంపెనీ గుర్తు దగ్గరే ఆగి మళ్లీ మళ్లీ మొదలవుతుంది, లేదా ఏదో ఒక హెచ్‌డీఎంఐ పోర్టు ఏ పరికరం తగిలించినా పలకదు. ఒక యాప్‌లో శబ్దం వచ్చి ఇంకో యాప్‌లో రాకపోవడానికి కారణం సెట్టింగుల్లో ఉంటుంది. జీఎస్టీ మాట నిజమే. 32 అంగుళాలు మించిన టీవీల మీద 28 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగింది. ఎటూ కొనాలనుకున్నవాళ్లకు అది మంచి కబురు. బాగున్న తెరను బయట పెట్టడానికి అది కారణం కాదు.

నేను ఈ నగరంలో చాలా ఏళ్లుగా ఇళ్లకు టీవీలు, హోమ్ థియేటర్లు అమర్చే పనిలో ఉన్నాను. ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా లేదా స్వల్ప ఖర్చుతో తీరిపోతాయి. అయితే ఒక క్రమంలో చేయాలి.

అన్నిటికంటే ముందు చేయకూడనిది చెబుతాను: ఫ్యాక్టరీ రీసెట్. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే చాలాచోట్ల మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే వాళ్లకు అది తేలిక. దానితో మీ యాప్‌ల లాగిన్లు, వైఫై పాస్‌వర్డు, బొమ్మకూ శబ్దానికీ చేసుకున్న సర్దుబాట్లు, ఛానళ్ల అమరిక అన్నీ పోతాయి. తప్పు ఎక్కడుందో చూపించే ఆనవాళ్లు కూడా వాటితోపాటే పోతాయి. 2025 మార్చి 9న ప్రపంచవ్యాప్తంగా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు, అంటే ఫోనులోని వీడియోలను, పాటలను టీవీకి, స్పీకర్లకు చేర్చే గూగుల్ చిన్న పరికరాలు, ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. వస్తువులో ఏ లోపమూ లేదు. ఇది అసలైన పరికరమేనని ఫోనుకు రుజువు చూపే డిజిటల్ సర్టిఫికెట్ గడువు ఆ రోజుతో తీరింది, అంతే. గూగుల్ కొద్ది రోజుల్లోనే దిద్దుబాటు పంపింది. ఆలోగా కంగారుపడి రీసెట్ చేసినవాళ్లు మాత్రం ఇంకా పెద్ద చిక్కులో పడ్డారు, ఎందుకంటే రీసెట్ అయిన పరికరాన్ని తిరిగి ఫోనుతో కలపాలంటే ఆ రుజువే కావాలి. దయచేసి రీసెట్ చేయవద్దని గూగులే ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. అందుకని రీసెట్‌ను చివరి మెట్టుగా ఉంచుకోండి.

దాని బదులు, గోడ దగ్గర స్విచ్ ఆపేసి, టీవీ, సౌండ్‌బార్, సెట్‌టాప్ బాక్సు మూడింటి ప్లగ్గులూ ఊడదీయండి. రెండు మూడు నిమిషాలు అలా వదిలేయండి. రిమోట్‌తో ఆపినప్పుడు టీవీ పూర్తిగా ఆగదు, కునుకు తీస్తుంది. అప్‌డేట్ ముందు నాటి అవశేషాలు జ్ఞాపకంలో అలాగే ఉంటాయి. హెచ్‌డీఎంఐ తీగ ద్వారా పరికరాలు ఒకదానికొకటి చెప్పుకున్న పరిచయం కూడా పాతదే మిగులుతుంది. ఇప్పుడు ముందు టీవీ పెట్టండి, అది పూర్తిగా తెరుచుకున్నాక సౌండ్‌బార్, ఆ తర్వాత బాక్సు. సగం బాధలు ఇక్కడే తీరిపోవచ్చు. తీరకపోతే సెట్టింగుల్లోకి వెళ్లే ముందు సౌండు, బొమ్మ, నెట్‌వర్క్ పేజీలను ఒక్కొక్కటిగా ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. ఏం మార్చారో తర్వాత గుర్తు ఉండదు, ఫొటో ఉంటుంది.

ఇక శబ్దం సంగతి. మీ ఫిర్యాదులో నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తున్నది ఇదే. యూట్యూబ్‌లో ఎక్కువ వీడియోలకు ఉండేది మామూలు స్టీరియో. టీవీ దాన్ని విప్పి సాదా రూపంలో, అంటే పీసీఎంగా, సౌండ్‌బార్‌కు అందిస్తుంది. ఏ సౌండ్‌బార్ అయినా దాన్ని పలుకుతుంది. సినిమాల యాప్‌లు పంపేది చాలావరకు డాల్బీ డిజిటల్ ప్లస్, అందులో 5.1 శబ్దం, అంటే ఐదు స్పీకర్లకూ ఒక బాస్ స్పీకర్‌కూ విడివిడిగా వెళ్లాల్సిన శబ్దం, మూటకట్టి ఉంటుంది. ఆ మూటను టీవీ విప్పాలా, విప్పకుండా సౌండ్‌బార్‌కు అప్పగించాలా అన్నది టీవీలో ఒక సెట్టింగు నిర్ణయిస్తుంది. సౌండు పేజీలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అనో, డిజిటల్ అవుట్‌పుట్ ఫార్మాట్ అనో ఉంటుంది. లోపల పీసీఎం, ఆటో, పాస్‌త్రూ అని కనిపిస్తాయి. అప్‌డేట్ దీన్ని పాస్‌త్రూకు మార్చి ఉంటుంది. మీ పాత సౌండ్‌బార్‌కు డాల్బీ డిజిటల్ తెలిసినా డాల్బీ డిజిటల్ ప్లస్ తెలియకపోవచ్చు. విప్పలేని మూట చేతికొస్తే అది నిశ్శబ్దంగా ఊరుకుంటుంది, తెర మీద ఏ హెచ్చరికా రాదు. మెకానిక్‌కు బోర్డు పోయినట్టు కనిపించింది ఈ నిశ్శబ్దమే.

పీసీఎం పెట్టి ఒక సినిమా తెరవండి. శబ్దం వస్తే రోగం దొరికినట్టే. వార్తలు, సీరియళ్లు, మామూలు సినిమాలు చూసే ఇంటికి పీసీఎంలోనే వదిలేసినా నష్టం లేదు. వెనక స్పీకర్లు ఉన్న సెట్టు అయితే 5.1 పోగొట్టుకోవడం బాధే కనుక ఆటో ప్రయత్నించండి. కొన్ని టీవీల్లో డాల్బీ డిజిటల్ అని విడిగా ఉంటుంది, అది పెడితే టీవీయే ప్లస్‌ను మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతుంది. పాత సౌండ్‌బార్లకు అదే సరైన మధ్యమార్గం.

పీసీఎం పెట్టినా పలకకపోతే తీగ చూడండి. టీవీ వెనక నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా శబ్దాన్ని బయటికి పంపగలిగేది సాధారణంగా ఒక్కటే. దాని పక్కన ఆర్క్ అనో ఈ-ఆర్క్ అనో ఇంగ్లిషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. సౌండ్‌బార్ వైపు కూడా అలాంటి పోర్టే ఉంటుంది, ఆ రెండింటినే కలపాలి. దుమ్ము దులిపేటప్పుడు తీగలు ఊడదీసి పక్క పోర్టులో పెట్టేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది, మీ ఇంట్లో కూడా ఒకసారి అడిగి చూడండి. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, ఈ-ఆర్క్ 2017లో 2.1తో వచ్చింది. మొదటిది సెకనుకు సుమారు ఒక మెగాబిట్ శబ్దాన్ని మోస్తే రెండోది 37 మెగాబిట్ల వరకు మోస్తుంది. మీ సౌండ్‌బార్ ఆర్క్ కాలం నాటిదైతే టీవీలో ఈ-ఆర్క్ అనే మీటను ఆపేయండి. అప్‌డేట్ దాన్ని ఆన్ చేసి ఉంటే పాత సౌండ్‌బార్ పలకరింపు కుదరక తడబడుతుంది.

ఇంకొకటుంది: సీఈసీ. ఒక రిమోట్‌తో టీవీ, సౌండ్‌బార్ రెండూ కదిలేది దీనివల్లే. శామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. ఒకే పనికి ఇన్ని పేర్లు పెట్టి జనాన్ని ఇబ్బంది పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. చాలా టీవీల్లో సీఈసీ ఆపేస్తే ఆర్క్ కూడా ఆగిపోతుంది. అది ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడండి. ఇవన్నీ చేశాక కూడా సౌండ్‌బార్ మొండికేస్తే ఆప్టికల్ తీగ ఉంది. చివర ఎర్రని వెలుగు కనిపించే సన్నని తీగ. దానికి సీఈసీ గొడవ లేదు, అప్‌డేట్లు వచ్చినా పెద్దగా చెడదు, స్టీరియో పీసీఎంతోపాటు డాల్బీ డిజిటల్ 5.1ను మోస్తుంది. వాల్యూమ్ కోసం సౌండ్‌బార్ రిమోట్ విడిగా పట్టుకోవాల్సి రావడం ఒక్కటే దానితో చిక్కు.

సౌండ్‌బార్‌ను బ్లూటూత్‌తో కలుపుకోమని ఎవరైనా చెబితే వినకండి. పెదవులు కదిలిన కాసేపటికి మాట వినిపిస్తుంది. పాటలకు పనికొస్తుంది, సినిమాకు పనికిరాదు.

బొమ్మ గురించి మీరు అడగలేదు గానీ అప్‌డేట్ తర్వాత అదీ చూసుకోవాలి. పాత సినిమా కూడా టీవీ సీరియల్‌లా నున్నగా, అసహజంగా కదులుతున్నట్టు అనిపిస్తే మోషన్ స్మూతింగ్ ఆన్ అయిందని అర్థం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు, టీవీ మధ్యలో తనవి కల్పించి కలుపుతుంది. దాన్ని ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఇంకా మంచిది, 2019లో ప్రకటించిన ఆ మోడ్ ఉద్దేశమే ఈ కల్పనలన్నీ ఆపడం.

ఇప్పుడు నెమ్మది. నాలుగేళ్ల కిందటి మధ్యతరగతి ధర టీవీల్లో చాలావాటికి ఉండేది 8 జీబీ స్టోరేజీ, ఒకటిన్నర నుంచి రెండు జీబీల ర్యామ్. ఆ 8 జీబీలో సగానికి పైగా టీవీ సాఫ్ట్‌వేరే ఆక్రమిస్తుంది. ప్రతి అప్‌డేట్ కొత్త టీవీలను దృష్టిలో పెట్టుకుని రాస్తారు కనుక పాతదాని మీద బరువు పెరుగుతూ పోతుంది. కొత్త హోమ్ స్క్రీన్ తెరిచిన ప్రతిసారీ పదుల కొద్దీ పోస్టర్లు, ప్రకటనలు దిగుమతి చేసుకుంటుంది. సెట్టింగుల్లో స్టోరేజీ పేజీ తెరిచి ఎంత ఖాళీ ఉందో చూడండి. ఒక జీబీ కంటే తక్కువ ఉంటే నెమ్మదికి మూలం అదే. వాడని యాప్‌లు తీసేయండి. తీయడానికి వీలుకాని వాటిని డిసేబుల్ చేయండి. మిగతావాటిలో క్యాష్, అంటే యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు, తుడిచేయండి, పక్కనే ఉండే డేటా మీట మాత్రం నొక్కకండి, లాగిన్ పోతుంది. గూగుల్ టీవీ రూపానికి మారి ఉంటే ఖాతా సెట్టింగుల్లో యాప్స్ ఓన్లీ మోడ్ అని ఒకటి ఉంటుంది. అది పెడితే సిఫారసుల వరుసలు చాలావరకు పోయి యాప్‌ల గుర్తులే మిగులుతాయి. పైన ఉండే పెద్ద ప్రకటన పట్టీ కొన్ని టీవీల్లో అప్పటికీ పోదు.

అదే ఊపులో ప్రైవసీ పేజీ కూడా తెరవండి. మీరు చూస్తున్నది ఏమిటో తెరను బట్టి గుర్తించి కంపెనీకి చేరవేసే సదుపాయం చాలా స్మార్ట్ టీవీల్లో ఉంటుంది. వ్యూయింగ్ డేటా అనో, కంటెంట్ రికగ్నిషన్ అనో పేరు పెడతారు. అమెరికాలో విజియో అనే కంపెనీ జనం అనుమతి లేకుండా ఈ పని చేసినందుకు 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. అప్‌డేట్ తర్వాత కొత్త నిబంధనలకు ఒప్పుకోమని పేజీ వస్తే మనం చదవకుండా సరే నొక్కేస్తాం. ఆ పేజీలోనే ఇది ఆన్ అయి ఉండవచ్చు. ఆపేయండి.

ఇంత చేశాక టీవీ కాస్త చురుకవుతుంది. అయినా నా అసలు సలహా వేరే. టీవీలో తెర ఒక వస్తువు, దాని లోపలి కంప్యూటర్ ఇంకో వస్తువు. తెర పదేళ్లు నిక్షేపంగా పనిచేస్తుంది. కంప్యూటర్ మూడు నాలుగేళ్లకే పాతబడుతుంది. కంపెనీలు రెండింటినీ ఒకే పెట్టెలో అమ్ముతాయి కనుక రెండూ కలిసే పోవాలని మనం అనుకుంటాం. 2012 వరకు వచ్చిన ఎన్నో టీవీల్లో యూట్యూబ్ యాప్ 2015లో ఆగిపోయింది. 2019 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత టీవీలకు సేవ ఆపేసింది. 2021 సెప్టెంబర్ 30న ఇంటర్నెట్‌లో ఎన్నో సైట్లు ఆధారపడే ఒక మూల సర్టిఫికెట్ గడువు తీరితే, అప్పటికే అప్‌డేట్లు ఆగిన పాత టీవీలు, ఫోన్లు కొన్ని సైట్లను తెరవలేకపోయాయి. ఆ టీవీల్లో ఎన్నిటి తెరలు కళకళలాడుతూ ఉన్నాయో ఆలోచించండి. అలాంటి తెరలను తూకానికి వేస్తుంటే నాకు మనసు ఒప్పదు.

కాబట్టి మూడు నుంచి ఆరు వేల రూపాయల్లో దొరికే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి కొనండి, అది టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించే చిన్న కంప్యూటర్. టీవీని తెరగా మాత్రమే వాడండి. యాప్‌లన్నీ స్టిక్‌లోనే తెరవండి. ఆ తర్వాత టీవీ నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్లి వైఫైని మరచిపోమనండి. ఇంటర్నెట్ లేని టీవీకి అర్ధరాత్రి అప్‌డేట్ రాదు, ప్రకటన రాదు, బయటివాడు చొరబడతాడన్న భయం ఉండదు. మూడేళ్ల తర్వాత స్టిక్ పాతబడితే ఆ చిన్న ముక్కనే మారుస్తారు. స్టిక్ పలికే శబ్దం కూడా టీవీ మీదుగా ఆర్క్ పోర్టు దారిలోనే సౌండ్‌బార్‌కు వెళుతుంది. కొత్త తీగలు లాగనక్కర్లేదు.

స్టిక్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త చాలామంది తీసుకోరు. దానితో వచ్చిన అడాప్టర్ పక్కన పడేసి, టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు ఇచ్చేస్తారు. తీగ కనపడకుండా ముచ్చటగా ఉంటుంది. టీవీల మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది అర ఆంపియర్. స్టిక్‌కు తెర తెరిచేటప్పుడు, 4కే నడిచేటప్పుడు అంతకు రెట్టింపు కావాలి. చాలకపోతే సినిమా మధ్యలో దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది, రిమోట్ మాట వినదు, వైఫై పట్టు జారుతుంది. అందరూ స్టిక్ చెడిందని తిరిగి ఇచ్చేస్తారు. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌నే గోడకు పెట్టండి. స్టిక్‌తో ఇచ్చే జానెడు పొడిగింపు తీగను కూడా వాడండి. స్టిక్ టీవీ వీపుకు అతుక్కుని ఉంటే వేడెక్కుతుంది, టీవీ రేకు వైఫైకి అడ్డుపడుతుంది. కాస్త బయటికి వేలాడితే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

హెచ్‌డీఎంఐ తీగ మార్చాల్సి వస్తే కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో చూసుకోండి. బంగారు పూత, అల్లిక తొడుగు చూసి డబ్బు పెట్టకండి. పెట్టె మీద ప్రీమియం హై స్పీడ్ అనే ముద్ర, స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉందో చూడండి. అది 18 గిగాబిట్లు మోస్తుంది, మీ టీవీకి అంతకంటే అవసరం లేదు. 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్ తీగ కొత్త గేమింగ్ కన్సోళ్ల వాళ్లకు.

మీ నాన్నగారి సంగతికి వస్తాను. నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ఇది పెద్దది. ఇంట్లో పెద్దాయన తన అలవాటును కోల్పోవడం, ఎవరినీ అడగలేక ఊరుకోవడం మామూలు అసౌకర్యం కాదు. హైదరాబాద్‌లో కేబుల్ ప్రసారాలు 2013లో డిజిటల్‌కు మారి ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సు వచ్చింది. అప్పటి నుంచి ఆయన తరం వాళ్లకు ఛానల్ అంటే ఒక అంకె. వార్తలకు ఒక అంకె, భక్తి ఛానల్‌కు ఒక అంకె. చూడకుండానే వేళ్లు నొక్కేస్తాయి. ఆ అంకెకూ ఆయనకూ మధ్య ఇప్పుడు హోమ్ స్క్రీన్ అడ్డొచ్చింది. దాన్ని నేర్పించాలని చూడకండి, తప్పించండి.

టీవీ సెట్టింగుల్లో పవర్ పేజీలో, టీవీ వెలగగానే ఏం చూపించాలన్న సెట్టింగు చాలా మోడళ్లలో ఉంటుంది. అక్కడ హోమ్ బదులు చివరిగా వాడిన ఇన్‌పుట్ అని పెట్టండి. రాత్రి మీరు సినిమా చూసి ముగించేటప్పుడు బాక్సు ఉన్న హెచ్‌డీఎంఐకి మార్చి ఆపండి. తెల్లవారి ఆయన టీవీ పెడితే నేరుగా ఛానలే వస్తుంది.

తర్వాత రిమోట్. సెట్‌టాప్ బాక్సు రిమోట్లలో ఎక్కువవాటికి పైన ఒక గీత గీసి టీవీ అని రాసిన నాలుగైదు మీటలు ఉంటాయి. అవి ఇంకో రిమోట్ చూసి నేర్చుకోగలవు. నేర్పే పద్ధతి ఒక్కో కేబుల్ సంస్థకు ఒక్కోలా ఉంటుంది, రిమోట్ వెనక చీటీలోనో, వాళ్ల వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది. సాధారణంగా రెండు రిమోట్లను ముఖాముఖి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి, ఇటు నేర్వాల్సిన మీట, అటు నేర్పాల్సిన మీట నొక్కాలి. కుదిరితే దీపం మెరుస్తుంది. ఇక్కడ చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఇప్పటి టీవీ రిమోట్లలో చాలావాటికి పవర్ మీట మాత్రమే ఇన్‌ఫ్రారెడ్‌లో పనిచేస్తుంది, మిగతావి బ్లూటూత్. బ్లూటూత్‌ను ఈ రిమోట్ నేర్చుకోలేదు. ఏది ఏదో తెలుసుకోవడానికి ఫోనులో సెల్ఫీ కెమెరా తెరిచి, టీవీ రిమోట్ మొనను దాని వైపు పెట్టి మీట నొక్కండి. కంటికి కనిపించని వెలుగు కెమెరాలో ఊదారంగు చుక్కలా మినుకుమంటుంది. వాల్యూమ్ నొక్కినప్పుడు చుక్క రాకపోతే, సౌండ్‌బార్ సొంత రిమోట్ తీసుకుని దాని వాల్యూమ్ మీటలు నేర్పండి. అది ఇన్‌ఫ్రారెడే అయ్యే అవకాశం ఎక్కువ. ఇలా పవర్, వాల్యూమ్, అంకెలు మూడూ ఒకే రిమోట్‌లోకి వస్తాయి. టీవీ రిమోట్‌ను, స్టిక్ రిమోట్‌ను ఆయన కళ్ల ముందు లేకుండా ఒక సొరుగులో పెట్టండి.

వార్తల్లో మాట సరిగా వినపడడం లేదని ఆయన అంటుంటే సౌండ్‌బార్‌లో వాయిస్ అనో, డైలాగ్ అనో, నైట్ అనో ఉండే మోడ్ పెట్టండి. వయసు పెరిగినవాళ్లకు మొత్తం శబ్దం పెంచడం కంటే మాటను పైకి తేవడం ఎక్కువ మేలు చేస్తుంది. పక్క గదిలో చదువుకునే పిల్లలకు కూడా హాయి.

రాత్రి తొమ్మిది తర్వాత చక్రం తిరగడానికీ అప్‌డేట్‌కూ బహుశా సంబంధం లేదు. అదే సమయానికి అపార్ట్‌మెంటులో ప్రతి ఫ్లాటులో టీవీలు, ఫోన్లు తెరుచుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానితో ఒకటి రాసుకోకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మూడే. ముప్పై నలభై రౌటర్లు ఆ మూడింట్లోనే తోసుకుంటాయి. టీవీని లేదా స్టిక్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. రౌటర్ చెప్పుల అరలోనో, టీవీ యూనిట్ చెక్క తలుపు వెనకనో ఉంటే బయటికి తీసి కాస్త ఎత్తున పెట్టండి. అన్నిటికంటే మంచిది రౌటర్ నుంచి టీవీ దగ్గరికి ఒక ఈథర్‌నెట్ తీగ. చాలా టీవీల ఈథర్‌నెట్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే, దాన్ని చూసి చిన్నచూపు చూడకండి. 4కేకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. స్టిక్‌కు ఈథర్‌నెట్ అడాప్టర్ విడిగా దొరుకుతుంది. తీగతో కలిపినా తొమ్మిదికి చక్రం తిరిగితే అప్పుడు తప్పు ఇంటర్నెట్ సంస్థది. ఆ సమయంలోనే వేగం కొలిచి, ఫొటో తీసి, వాళ్లకు ఫిర్యాదు నంబరుతో సహా పంపండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో జరిగిన ఘోర విద్యుదాఘాత ప్రమాదం తర్వాత విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించడం మొదలైంది. అది జరగాల్సిన పనే. ఆ క్రమంలో మీ వీధి తీగ తెగి ఉంటే రోజంతా ఇంటర్నెట్ ఉండదు, రాత్రిపూట మాత్రమే నెమ్మదించదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.

అప్‌డేట్లు అసలు వేయాలా వద్దా అని కూడా అడిగారు. ఫోనుకు, రౌటర్‌కు తప్పక వేయాలి. అవి బయటి ప్రపంచానికి తలుపులు, బ్యాంకు లావాదేవీలు వాటి మీదే నడుస్తాయి. టీవీని ఇంటర్నెట్‌కు కలిపే ఉంచితే దానికి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, కొత్తది వచ్చాక రెండు మూడు వారాలు ఆగండి. ఆలోగా అదే మోడల్ వాళ్ల అనుభవాలు బయటికి వస్తాయి. వేసేటప్పుడు పగటిపూట, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు వేయండి. ఎండాకాలం సాయంత్రాలు, వానాకాలం ఈదురుగాలి వేళలు వద్దు. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బోర్డుకు నిజంగానే ముప్పు. ఇన్వర్టర్ ఉంటే టీవీ ప్లగ్గు దానికి కలిసి ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో పండగకు చుట్టాలు వచ్చే ముందురోజు, క్రికెట్ ఫైనల్ రోజు అస్సలు ముట్టుకోకండి.

ఒకవేళ మీ టీవీ నిజంగా అప్‌డేట్ వల్లే చెడిందని తేలితే వారంటీ అయిపోయిందని వెనక్కి తగ్గకండి. మీరు కోరకుండా కంపెనీ పంపిన సాఫ్ట్‌వేర్ వస్తువును పాడుచేస్తే అడిగే హక్కు మీకుంది. మెకానిక్ నోటిమాట కాకుండా, బోర్డులో ఏ లోపం కనిపించిందో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. లోపం చూడకుండా చెప్పినవాళ్లు చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. టీవీ అబౌట్ పేజీలో ఉండే సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఫొటో, బిల్లు కలిపి కంపెనీకి ఈమెయిల్ రాయండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షలు దాటకపోతే రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. ఇబ్బంది తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి.

ఈ శనివారం తీరిక ఉంటే ముందు నాన్నగారి రిమోట్, ఆ తర్వాత పీసీఎం చూడండి. స్టిక్ కొనడం వచ్చే నెల జీతానికి వాయిదా వేసినా పరవాలేదు. పీసీఎం పెట్టాక కూడా సౌండ్‌బార్ పలకకపోతే దాని కింద అంటించిన మోడల్ నంబరు, టీవీలో తీగ పెట్టిన పోర్టు పక్కన రాసి ఉన్న అక్షరాలు, ఆప్టికల్ పోర్టు ఉందో లేదో, ఈ మూడూ రాసి పంపండి. వాటిని చూసి తర్వాతి అడుగు చెబుతాను.